కాన్పులెన్ని అని అడిగిన మనిషి

పోయిన నెల మందుల కోసం సర్కారు దవాఖానకు వెళ్లాను. కొత్తగా వచ్చిన నర్సు పిల్ల నా జబ్బకు పట్టీ చుట్టి, ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో బీపీ మిషన్ బటన్ నొక్కబోయింది.

"ఆగు బిడ్డా. ఇప్పుడే ఎండల నడిచొచ్చిన. జర ఐదు నిమిషాలు ఊకె కూసోనియ్యి. చెయ్యి కింద ఏమన్న పెట్టు" అన్నాను.

ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టి నావైపు చూసింది. ఇదంతా ఎవరు నేర్పారని అడిగింది. చెప్పాను. సన్నగా పొడుగ్గా ఉండేది, ఎప్పుడూ ముదురు రంగు నేత చీర, పాదరసం మిషన్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సు దిగేది, మేమంతా బీపీ మేడం అనేవాళ్లం.

"ఆ మేడమా? మాకు ట్రైనింగ్‌ల చెప్పింది గద. పోయి ఏడాది దాటిందమ్మా."

"ఎట్ల పోయింది?"

పిల్లకు తెలియదు. మిషన్ నొక్కింది, అంకెలు చెప్పింది, మాత్రలు ఇచ్చి పంపించింది. ఇంటికొచ్చేదాకా నాకు అదే ఆలోచన. మనిషి పోయిందని వినగానే అందరూ అయ్యో అంటారు. నేను ముందు ఎట్ల పోయింది అని అడిగాను. అది ఆమె పెట్టిన అలవాటు. ఏ ఇంటి గడప ఎక్కినా ఆమె మొదటి ప్రశ్న "మీ నాయిన ఉన్నడా?" రెండో ప్రశ్న "ఎట్ల పోయిండు?"

ఆమె మా ఇబ్రహీంపట్నం వచ్చింది భూములకు రెక్కలొచ్చిన రోజుల్లో. రింగు రోడ్డు వస్తుందని, ఆదిభట్ల దిక్కు కంపెనీలు వస్తాయని, జొన్న చేలల్లో హద్దురాళ్లు పాతి తెల్ల సున్నం కొడుతున్న కాలం. చాయ్ హోటళ్ల ముందు కార్లు ఆగి ఉండేవి. బీపీ అనే జబ్బు ఇంటి రక్తంలోనే వస్తుందా లేదా అని పట్నంలోని ఒక పెద్ద దవాఖాన వాళ్లు తెలుసుకోవాలనుకున్నారు. అందుకోసం ఊరూరికీ మనుషులను పంపారు. మా దిక్కు వచ్చింది ఈమె.

ఇల్లిల్లూ చూపించడానికి ఒక మనిషి కావాలంటే మహిళా సంఘం లీడర్ నా పేరు చెప్పింది. నేను రెండు బర్రెలు పెట్టుకుని వాడంతా పాలు పోసేదాన్ని. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు తెలుసు. మేడం నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"చదువొచ్చా?"

"రాదు మేడం."

"మంచిదాయె. కాయితంల ఏమున్నదో ఊరంత చెప్పలేవు."

అంత సూటిగా మాట్లాడేది. మొదట మనసుకు తగిలింది. రెండు రోజులు తిరిగాక తెలిసింది, ఆమెకు అందరితోనూ అదే నోరు. పొద్దున్నే చావు ముచ్చటేమిటని ఎవరైనా కసిరితే "సచ్చినోళ్ల ముచ్చట బతికున్నోళ్లకు కాకుంటె ఎవరికి పనికొస్తది?" అనేది. ఎవరైనా అన్నం పెడతామంటే తినేది కాదు గానీ, తొక్కు పచ్చడి జాడీ తెమ్మని అడిగేది. వేలి కొసతో నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేది. "మస్తున్నది అక్కా. దీన్ని రోజూ తింటే యాభై దాటరు." ఆ ఇంటావిడ నవ్వాలో తిట్టాలో తెలియక జాడీ పట్టుకుని నిలబడేది.

ఇంట్లో ఎవరి బీపీ చూడాలన్నా ముందు గోడకు ఆనుకుని కూర్చోమనేది. ఐదు నిమిషాలు మాట్లాడకూడదు. చెయ్యి కింద దిండో, మడతపెట్టిన గోనె సంచో పెట్టి గుండె ఎత్తుకు తెచ్చేది. ఆ ఐదు నిమిషాలూ ఆమె మనిషిని చూసేది కాదు, పక్క గోడను చూసేది. మా దిక్కు ఇళ్లల్లో ఐదు నిమిషాలు నిశ్శబ్దం అంటే శవం లేచిన ఇంట్లోనే. పిల్లలు కూడా భయపడి బయటకు పోయేవాళ్లు.

అంకెలు రాశాక కాగితం మీద బొమ్మ గీసేది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం. బీపీ ఉన్నవాళ్లను పెన్నుతో నల్లగా నింపేది. పోయినవాళ్లకు అడ్డంగా ఒక గీత. తాతలు పైన, వాళ్ల కింద పిల్లలు, ఆ కింద వాళ్ల పిల్లలు. అక్షరాలు నాకు చాలా ఏళ్ల తర్వాత, నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఈ కాగితం చదవడం మాత్రం వారంలో వచ్చేసింది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

నెల తిరక్కుండానే ఆమెకు కోపం మొదలైంది. ఒక మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని కాగితాలన్నీ ఒళ్లో పరుచుకుంది.

"ఏమే, మీ ఊళ్లె ఆడపిల్లలే పుట్టరా?"

"ఎందుకు పుట్టరు మేడం?"

"మరి ఏరి? ఇన్ని ఇండ్లు తిరిగితి. అన్నీ చదరాలే. అన్నదమ్ములు, అన్నదమ్ములు, అన్నదమ్ములు. గుండ్రాలన్నీ కోడండ్లే."

నేను చెప్పలేదు గానీ, కారణం నాకు తెలుసు. భూమి అమ్మాలంటే వారసులెవరో చూపించే కాగితం ఒకటి కావాలి. పైన తాత పేరు, కింద కొడుకుల పేర్లు, మధ్యలో గీతలు. వంశవృక్షం అంటారు. మేడం గీసేది అచ్చం అలాగే ఉండేది. పెళ్లై వెళ్లిన ఆడపిల్ల పేరు అందులోకి వస్తే ఆమె సంతకం కూడా కావాలి. అందుకని పెన్ను పట్టుకున్న మనిషి ఎవరొచ్చినా మా వాడలో చెల్లెళ్లూ అక్కలూ మాయమైపోయేవాళ్లు. ఇది బీపీ కాగితం అని మేడం ఎంత చెప్పినా తలలు ఊపేవాళ్లు గానీ నమ్మేవాళ్లు కాదు.

"నాకు పెండ్లై పోయిన ఆడపిల్లనే కావాలె" అంది ఆమె. "అన్నదమ్ములు ఒక్క కుండల బువ్వ తింటరు, ఒక్క జాడీల తొక్కు తింటరు. అందరికీ బీపీ ఉంటె అది రక్తమా, ఉప్పా? ఎట్ల తెలుస్తది? ఆడపిల్ల ఇరవై ఏండ్లకు ఇంకో ఇంటి కుండల తింటది. ఆమెను చూస్తెనే తెలుస్తది. ఆమెను దాస్తె నేను తిరిగిందంత దండుగ."

ఆ మర్నాటి నుంచి ప్రశ్న మార్చింది. పిల్లలెంతమంది అని మగవాళ్లను అడగడం మానేసింది. ఇంట్లో ముసలమ్మ ఎక్కడుందో వెతికి, ఆమె పక్కన కింద కూర్చుని, "అమ్మా, కాన్పులెన్ని?" అనేది. కొడుకులు ఏం దాచమన్నా, ఏ తల్లీ కాన్పుల లెక్క తప్పు చెప్పదు. ఎనిమిది అనేది ఒకామె, ఏడున్నర అనేది ఇంకొకామె, నిలవని కడుపును కూడా కలిపి. ఆ అంకె పట్టుకుని మేడం ఒక్కొక్కరినీ బయటకు లాగేది. కాగితాల మీద గుండ్రాలు వచ్చాయి. నేను లోపల్లోపల సంతోషపడ్డాను. మా ఇంటి వంతు వచ్చేదాకా.

మా అత్తమ్మకు పెద్ద కొడుకు మా బావ. ఆయన తర్వాత నడిపి బావ. తర్వాత బిడ్డ, నా వదిన. చివర మా ఆయన. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. బావ మాటే ఇంట్లో మాట. ఆదిభట్ల దారిలో ఉన్న మా చేను అప్పటికి బేరం కుదిరి, రిజిస్ట్రేషన్‌కు కాగితాలు తయారవుతున్నాయి. బడంగ్‌పేట్‌లో ఉండే వదినకు ఈ సంగతి తెలియనివ్వద్దని బావ అందరికీ చెప్పాడు.

మేడం వచ్చినప్పుడు బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ వాకిట్లో చాటతో కందులు చెరుగుతోంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను.

"నాయిన?"

"పెరాలసిస్. రెండేండ్లు మంచంల ఉండి పోయిండు."

చదరం. నలుపు. గీత.

"మీరెంతమంది?"

"ముగ్గురం అన్నదమ్ములం. నడిపోడు పోయిండు."

"ఎట్ల?"

"బోరుకాడ స్టార్టర్ ఎయ్యబోయి పడ్డడు. కరెంట్ కొట్టిందనుకున్నం. నెత్తిల నరం చిట్లిందన్నరు దవాఖానల."

"ఎన్నేండ్లు?"

"నలభై నిండలె."

ఇంకో చదరం, నలుపు, గీత. మేడం పెన్ను ఎత్తకుండానే అడిగింది. "అక్కలు, చెల్లెండ్లు?"

"లేరు."

ఆమె ఆయన్ను ఇంకేమీ అడగలేదు. లేచి అత్తమ్మ పక్కన కూర్చుంది. "అమ్మా, నీకు కాన్పులెన్ని?"

"ఐదు" అంది అత్తమ్మ. చాట ఆగలేదు.

"మూడు రాసిన. ఇంకో రెండు?"

"ఒక పిల్ల పురిట్లనే పోయింది. పదకొండొద్దులు బతికింది."

"ఇంకోటి?"

చాట ఆగింది. అత్తమ్మ బావ వైపు చూసింది. బావ నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పండగనాడు మేకను విప్పేటప్పుడు చూసే చూపు.

"అది గూడ పోయింది" అన్నాడు.

"ఎప్పుడు?"

"శాన్నాళ్లాయె."

"ఎట్ల?"

బావ మెడ వెనక చేత్తో రుద్దుకున్నాడు. "జరమొచ్చి."

మేడం గుండ్రం గీసింది. దాని మీద గీత పెట్టింది. కాగితం చదవడం రాదనుకున్న నా ముందే పెట్టింది. నేను చెంబు కింద పెట్టాను.

"అమ్మా, ఐదేనా మరి?"

"ఎవరేమన్న, నాకైతే ఐదే" అని అత్తమ్మ చాట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. చెరగని కందులు వాకిట్లోనే ఉన్నాయి.

మేడం బావను చెయ్యి ఇమ్మంది. "నాకేమున్నది, గుండ్రాయి లెక్కున్న" అన్నాడు. "గుండ్రాయికి బీపీ ఉండది. నీకుంటది. కూసో" అంది. పనుందని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. మేడం అత్తమ్మకూ మా ఆయనకూ చూసి రాసుకుంది.

వదిన బతికే ఉంది. నెల కిందటే వచ్చి, నొసటికి గుడ్డ బిగించి కట్టుకుని, మా ఇంట్లో పగలంతా పడుకుని వెళ్లింది. తలనొప్పి. దిష్టి అని అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నట్టుందని వదిన నాకు చెప్పింది. నడిపి బావ పడిపోయే ముందు వారం కూడా అదే మాట అన్నాడు. అది నాకు అప్పుడు గుర్తు రాలేదు. మేడం గీత పెట్టినప్పుడు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను.

"నోరు మూసుకుంటవా లేదా?" అన్నాడు. "అక్క పేరు కాయితంల ఎక్కితే రిజిస్ట్రేషన్ ఆగుతది. అన్న మనలను ఇంట్ల ఉండనియ్యడు."

"అది భూమి కాయితం కాదు. నడిపాయన లెక్క అక్క పడిపోతే?"

"పాలు పోసే పని చూసుకో. డాక్టరమ్మవు కాకు."

తర్వాత రెండు రోజులు మేడం వెంట తిరిగాను. ఆమె ఏమీ అడగలేదు. కానీ మిగతా కాగితాలన్నీ సంచిలో కట్టగా ఉంటే, మా ఇంటిది మాత్రం బీపీ డబ్బా మీద విడిగా పెట్టుకుని మోసేది. ఎండలో నడుస్తుంటే నా కళ్లు ఆ కాగితం మీదికే పోయేవి. ఒక్క మాట చెబితే నా ఇల్లు పోతుంది. చెప్పకపోతే వదిన పోతుంది. అందరి గుట్టూ తెలిసినా ఏ ఇంటి మాటా ఇంకో ఇంటికి మోయకుండా ఇరవై ఏళ్లు పాలు పోసిన దాన్ని. నా ఇంటి మాట మోయడం ఎలాగో తెలియలేదు.

మూడో రోజు బస్టాండులో, ఆమె బస్సు వచ్చే వేళకు, చెప్పేశాను.

"మేడం, మా వదిన సావలేదు. బతికే ఉన్నది."

ఆమె తల తిప్పలేదు. "ఎక్కడుంటది?"

"బడంగ్‌పేట్."

"నెత్తి నొస్తదా?"

"గుడ్డ కట్టుకుంటది. మిణుగురులు కనవడతయట."

అప్పుడు నన్ను చూసింది. "మూడొద్దులు ఆగినవ్. పాలు పోసేదానివి, నీ పాలు మూడొద్దులు ఆగుతయా?" తన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు. "బడంగ్‌పేట్‌కు ఎట్ల పోవాలె, చూపియ్యి" అంది.

బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. ఆటోలో డబ్బాను పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది, గుంత వచ్చినప్పుడల్లా కొంచెం పైకి ఎత్తుతూ.  నేను తప్పు చేశానని తిడుతుందేమో అనుకున్నాను, తిట్టలేదు. దానికి ఇంకా భయమేసింది.

వదిన రెండు గదుల కిరాయి ఇంట్లో మిషన్ ముందు కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. నొసటికి గుడ్డ ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మా ఇద్దరినీ చూసి లేచి నిలబడింది.

"ఏమైందే? అమ్మ మంచిగున్నదా?"

"మంచిగున్నది వదినా. ఈ మేడం బీపీ చూస్తది."

"నాకెందుకు?"

"కూసో" అంది మేడం. వదిన కూర్చుంది. ఆమె అలా అంటే ఎవరైనా కూర్చునేవాళ్లు.

ఐదు నిమిషాలు. అన్నం గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. మేడం క్యాలెండర్ వేలాడుతున్న గోడను చూస్తోంది. తర్వాత రబ్బరు బుడ్డి ఒత్తడం మొదలుపెట్టింది. అంకెలు నాకు రావు గానీ, పాదరసం ఎంత దూరం ఎక్కుతుందో ఆ పాటికి నా కళ్లకు అలవాటే. ఏ ఇంట్లోనైనా సగానికి కాస్త అటూ ఇటూ ఆగేది. ఆరోజు ఆగలేదు. మేడం ఇంకా ఒత్తింది. వెండి తీగ గాజు గొట్టం పైకంటా పోయింది. దింపింది. రెండో చేతికి కట్టింది. మళ్లీ చూసింది. కొంచెంసేపు ఆగి మూడోసారి చూసింది. పట్టీ విప్పి, చుట్టి, డబ్బా మూసి, కొక్కెం పెట్టింది.

"ఇప్పుడే దవాఖానకు పోవాలె."

"పొయ్యి మీద అన్నమున్నది."

"దించు."

వదిన దించలేదు. కళ్లు చిన్నవి చేసి నన్ను చూసింది. "మా అన్న తోలిండా మిమ్మల్ని?"

అవ్ అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ఈలోగా వదిన కళ్లు డబ్బా మీది కాగితం మీద పడ్డాయి. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. లాక్కుని చూసింది. పైన తండ్రి పేరు, కింద అన్నదమ్ముల పేర్లు, పక్కన పేరు లేని గుండ్రం, దాని మీద గీత.

"ఈ గీత ఏంది?"

మేడం దాచలేదు. "ఆ మనిషి లేదని."

"నడిపన్నకున్నట్టు?"

"అవ్."

వదిన నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మంచిగున్నది. మరి సచ్చినదానికి బీపీ ఎందుకు చూస్తున్నవు మేడం?"

 మేడం వెళ్లి పొయ్యి ఆర్పింది. వచ్చి వదిన ఎదురుగా కింద కూర్చుంది.

"ఎవరన్నరో నువ్వు నన్ను అడగకు, నేను చెప్ప. రాసిన చెయ్యి నాది. చూడకుండ ఒక మనిషి లేదని రాసిన, తప్పు నాది. ఇప్పుడు నీ నాడి చప్పుడు మూడుసార్లు విన్న. ఇటియ్యి ఆ కాయితం." తీసుకుని, గీత పక్కన తప్పు అని రాసి, సంతకం పెట్టింది. "పేరు చెప్పు."

వదిన పేరు చెప్పింది. గుండ్రం పక్కన రాసుకుంది.

"మా అమ్మ అక్కడనే ఉన్నదా, గప్పుడు?"

"ఉన్నది."

"ఏమన్నది?"

"ఐదు కాన్పులన్నది. రెండుసార్లు అడిగితి. రెండుసార్లూ ఐదే అన్నది."

 వదిన నొసటి గుడ్డ విప్పి, మొహం తుడుచుకుని, అదే గుడ్డతో అన్నం గిన్నె పట్టుకుని కింద పెట్టింది. చెప్పులు వేసుకుంది.

దవాఖానలో మంచం ఇచ్చారు. ఇంకో వారం పది రోజులు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు మేడంతో అన్నాడు. వదిన భర్త పని దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాక మేమిద్దరం బయటపడ్డాం. బస్సులో నేను ఉండలేక అడిగాను.

"మేడం, వదిన ఇరవై ఏండ్ల సంది ఇంకో ఇంటి కుండల తింటున్నది. మరి ఇది రక్తమే కదా?"

"ఒక్క మనిషిని చూసి గట్ల తేల్చేస్తె నాకూ మీ బావకూ ఫరకేమున్నది?" అంది. కొంత దూరం పోయాక మళ్లీ తనే అంది. "రక్తం తొవ్వ చూపిస్తది. ఆ తొవ్వల ఉప్పు తోలుకపోతది, ఫికర్ తోలుకపోతది. ఎవరు పోతరో ముందుగాల ఎవరూ చెప్పలేరు. గందుకే నేను ఎవర్నీ ఇడ్వను."

ఇంకొక మాట ఇక్కడే రాసేస్తాను. ఆ చేను అమ్ముడుపోయింది. వదినకు అందులో ఏమీ రాలేదు. మేడం వల్ల మా ఇంట్లో న్యాయం జరిగిందని ఎవరైనా అనుకుంటే అది అబద్ధం. ఆమె న్యాయం కోసం రాలేదు. బీపీ కోసం వచ్చింది.

పదిహేను రోజులకు మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఎవరికి ఎంతుందో, ఎవరు మాత్రలు వేసుకోవాలో ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పడం ఆమె పద్ధతి. రావద్దని నేను బతిమాలాను. రిజిస్ట్రేషన్ రెండు రోజుల్లో ఉంది. బావకు ఇంకా ఏమీ తెలియదు. వదిన దవాఖాన నుంచి ఇంటికి చేరింది, కానీ ఎవరికీ కబురు చేయలేదు.

"నువ్వు బయట నిలబడు. నీకేం తెల్వదు" అంది. నేను లోపలికే వెళ్లాను. ఇక ఎక్కడ నిలబడినా ఒకటే.

ఆమె అరుగు మీద కూర్చుని కాగితం తీసి మా ఆయనకు కొంచెం ఎక్కువుందని, ఉప్పు తగ్గించాలని చెప్పింది. అత్తమ్మకు మాత్రలు రాసిచ్చింది. తర్వాత అదే గొంతుతో వదిన పేరు చదివింది. "ఈమెకు రోజూ మాత్ర. జిందగీ అంత. ఇడువొద్దు."

బావ లేచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్తె ఏంది? నేను చూసిన."

"ఆ కాయితం ఇటియ్యి."

 మేడం ఇచ్చేసింది. "చింపుకో. దవాఖానల ఇంకోటి ఉన్నది. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసుల అది చెల్లదు. అండ్ల సర్వే నంబర్లు లెవ్వు. నెత్తురు ముచ్చట ఒక్కటే ఉన్నది."

"అందరూ గట్లనే అంటరు, ఏలిముద్ర తీసుకునేదాక."

"నీ ఏలిముద్ర నాకెందుకు? చెయ్యి అడిగిన, నువ్వే ఇయ్యలె."

బావ కాగితం విప్పాడు. ఆయనకూ పెద్దగా చదువు లేదు. కానీ నల్లటి చదరాలు ఎవరికైనా కనిపిస్తాయి. తండ్రి, ఇద్దరు తమ్ముళ్లు. పక్కన నల్లటి గుండ్రం, దాని మీద గీత, గీత పక్కన సంతకం. తన చదరం ఒక్కటే ఖాళీగా ఉంది. చింపుతాడనుకున్నాను. ఆయన చేతులు అంచులు పట్టుకునే ఉన్నాయి. మా ఆయన నేల చూస్తున్నాడు. లోపల అత్తమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

చివరికి బావ కూర్చున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, మేము వినకూడదన్నట్టు అడిగాడు.

"దానికెంతుండె?"

మేడం డబ్బా కొక్కెం పెట్టింది. "నేను చెప్ప. పోయి ఆమెనే అడుగు."

"నాతోని మాట్లాడుతదా?"

"అది నా మిషన్‌ల తెల్వది."

అత్తమ్మ గడప దాటి బయటకు వచ్చింది. చీర మార్చుకుని ఉంది. మా ఎవరివైపూ చూడలేదు. "బండి తియ్యి" అంది కొడుకుతో.

బావ బండి తీశాడు. మేడం చెప్పులు వేసుకుంటూ, వాళ్లకు దారి ఇవ్వడానికి గోడ వైపు జరిగింది. అత్తమ్మ ఎక్కి కూర్చుంది. ఎప్పుడు బండి ఎక్కినా ఆమె కొడుకు భుజం మీద చెయ్యి వేసేది. ఆరోజు వెనక్కి చెయ్యి పోనిచ్చి సీటు వెనకున్న ఇనుప కడ్డీ పట్టుకుంది. బండి వాడ మలుపు తిరిగి, బడంగ్‌పేట్ రోడ్డు ఎక్కేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.